లక్ష మంది మధ్య మూరెడు జాగా: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియాల్లో ప్రేక్షకుల మాట ఎవరు వింటున్నారు?

2007 సెప్టెంబర్ 15. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా కొత్తగా కట్టుకున్న స్టేడియంలో తొలి మ్యాచ్. ప్రత్యర్థి టెక్సాస్ యూనివర్సిటీ, పెద్ద జట్టు. దాదాపు 45 వేల మంది పట్టే స్టాండ్లు కిటకిటలాడుతున్నాయి. ఎండ మాడ్చేస్తోంది. అంత పెద్ద కట్టడంలో మంచినీళ్ల కుళాయి ఒక్కటి కూడా లేదు. మర్చిపోయి కాదు, అసలు ప్లాన్‌లోనే పెట్టలేదు. దాహమేస్తే మూడు డాలర్లు పెట్టి సీసా కొనుక్కోవాలి. మ్యాచ్ నడుస్తుండగానే ఆ సీసాలు కూడా అయిపోయాయి. ఎండదెబ్బ తగిలి 18 మంది ఆసుపత్రి పాలయ్యారు. మరో 60 మంది దాకా అక్కడికక్కడే చికిత్స చేయించుకున్నారు.

జనం భగ్గుమన్నారు. ఫోన్లు, మెయిళ్లు, పత్రికలకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. యూనివర్సిటీ హడావుడిగా కుళాయిలు బిగించింది. ఆ పని మొదట్లోనే చేసి ఉంటే ఖర్చు ఏ మూలకూ వచ్చేది కాదు. కట్టేటప్పుడు ఆట గురించి, ఆదాయం గురించి, టీవీ కెమెరాల గురించి ఆలోచించిన వాళ్లు, నాలుగు గంటలు ఎండలో కూర్చునే మనిషి గురించి ఆలోచించలేదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్రేక్షకులు ఏళ్ల తరబడి చెబుతున్న ఫిర్యాదులు చాలావరకు ఈ ఒక్క లోపం నుంచే పుట్టుకొస్తాయి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆడేది కాలేజీ కుర్రాళ్లే అయినా, చూసే జనం సంఖ్య వింటే కళ్లు తిరుగుతాయి. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీకి ఉన్న మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఆ ఊరి జనాభాయే ఇంచుమించు 1,20,000. పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, టెక్సాస్ ఏ అండ్ ఎమ్, టెన్నెసీ, లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ), అలబామా స్టేడియాలు కూడా లక్ష దాటినవే. అమెరికాలో లక్షకు పైగా సీట్లున్న ఫుట్‌బాల్ స్టేడియాలన్నీ కాలేజీలవే, ప్రొఫెషనల్ జట్లకు అంత పెద్దవి లేవు. మన దేశంలో లక్ష దాటిన స్టేడియం అహ్మదాబాద్‌లోనిది ఒక్కటే.

సొంత ఊళ్లో జరిగే మ్యాచ్‌లు ఏడాదికి ఆరో ఏడో, మహా అయితే ఎనిమిది. అందుకే ఒక్కో మ్యాచ్ ఒక్కో జాతర. పొద్దున్నే కార్లు వచ్చి పార్కింగ్ మైదానాల్లో వరస కడతాయి. కారు వెనక తలుపు ఎత్తి, గ్రిల్ వెలిగించి, మాంసం కాల్చుకుంటూ, పాత స్నేహితులతో కబుర్లాడుతూ గంటలు గడుపుతారు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. ఒకే చోట ముప్పై ఏళ్లుగా కారు పెట్టుకునే కుటుంబాలుంటాయి. తాత చదివిన కాలేజీలోనే మనవరాలూ చదువుతుంటుంది. ఇంత బంధం ఉన్నవాళ్లు ఫిర్యాదు చేస్తున్నారంటే, అది సినిమా హాల్లో ఏసీ పని చేయలేదని చెప్పడం లాంటిది కాదు. సొంత ఇంట్లో పట్టించుకోలేదన్న బాధ అందులో ఉంటుంది.

సీటు సంగతే చూడండి. సీటు అంటే వీపు ఆనించుకునే కుర్చీ కాదు. పొడవాటి అల్యూమినియం బెంచీ, దాని మీద కొంత కొంత దూరంలో గీతలు, మధ్యలో ఓ నంబరు. రెండు గీతల మధ్య దూరం ఇంచుమించు 18 అంగుళాలు. మన లెక్కలో మూరెడు. సెప్టెంబర్ ఎండలో ఆ బెంచీ పెనంలా కాలుతుంది. నవంబర్ చలిలో అందరూ మందపాటి కోట్లు వేసుకొచ్చేసరికి మూరెడు జాగాలో మనిషి పట్టడు. ముందొచ్చినవాళ్లు సర్దుక్కూర్చుంటే వరస చివర్లో ఉన్నవాళ్లకు టికెట్ ఉన్నా చోటు మిగలదు. వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు వీపుకు తగులుతుంటాయి. ఒకరు టాయిలెట్‌కు వెళ్లాలంటే వరసంతా లేచి నిలబడాలి. 1920లలో కట్టిన స్టేడియాలు చాలా ఉన్నాయి. తర్వాత వాటిని పైకి, పక్కలకు పెంచుకుంటూ పోయారు కానీ మెట్లు, దారులు, టాయిలెట్లు ఆ లెక్కన పెరగలేదు. ఆడవాళ్ల టాయిలెట్ల దగ్గర హాఫ్ టైమ్‌లో కనిపించే బారు ఆ పాత లెక్కల ఫలితమే.

ఇబ్బంది అంటే ఇంతే అనుకుంటే పొరపాటు. మిషిగన్ స్టేడియంలో లక్షకు పైగా సీట్లుంటే, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు దశాబ్దాల పాటు వంద చోట్లు కూడా లేవు. ఉన్న కాసిని కూడా ఒక మూల ఉండేవి. పక్షవాతంతో ఉన్న మాజీ సైనికుల సంఘం మిషిగన్ శాఖ ఈ విషయం మీద 2007లో కోర్టుకెక్కింది. కేంద్ర ప్రభుత్వం కూడా ఆ కేసులో చేరింది. 2008లో రాజీ కుదిరింది, చక్రాల కుర్చీలకు 329 చోట్లు ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పుకుంది. 22.6 కోట్ల డాలర్ల మరమ్మతులు 2010లో పూర్తయ్యాయి. దేశం కోసం కాళ్లు పోగొట్టుకున్న మనిషి కూర్చుని మ్యాచ్ చూడటానికి చోటడగాలంటే లాయర్‌ను పెట్టుకోవాల్సి వచ్చింది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒక గడి నింపితే జరగాల్సిన పని ఇది.

గేటు దగ్గర ఫిర్యాదులకు ఇటీవల రెండు కారణాలు తోడయ్యాయి. మొదటిది బ్యాగు. బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన 2013లోనే ప్రొఫెషనల్ లీగ్ పారదర్శకమైన బ్యాగులు మాత్రమే తేవాలన్న నియమం పెట్టింది. 2017లో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పెద్ద కాలేజీల కూటమి ఎస్ఈసీ అదే బాట పట్టింది. 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 మందం మించకూడదు. మిషిగన్‌లో అయితే 2001 దాడుల తర్వాత బ్యాగులనే నిషేధించారు. భద్రత కోసం ఈ నియమం అవసరమే, అందులో వాదన లేదు. కానీ దూరం నుంచి వచ్చినవాళ్లు గేటు దాకా వచ్చాక ఈ సంగతి తెలిసి, మళ్లీ రెండు మైళ్లు నడిచి కారులో బ్యాగు పెట్టి రావడం అన్యాయం. టికెట్ అమ్మిన రోజే పెద్ద అక్షరాలతో చెప్పడం స్టేడియం వాళ్ల బాధ్యత. రెండోది ఫోన్. కాగితం టికెట్లు దాదాపు పోయి టికెట్ ఫోన్‌లోకి వెళ్లింది. లక్ష మంది ఒకేసారి ఒక చోట ఫోన్ తీస్తే సిగ్నల్ చచ్చిపోతుంది. టికెట్ తెరుచుకోదు. వెనక క్యూ పెరిగిపోతుంది. చేతిలో పిల్లాడు, ఫోన్ తెర మీద తిరుగుతూనే ఉన్న చక్రం, లోపల మొదటి కేకలు వినబడుతున్నాయి. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లు మ్యాచ్ గెలిచినా ఆ పది నిమిషాలను మర్చిపోరు.

తిండి ధరల విషయంలో మాత్రం ప్రేక్షకుల మాట విన్నవాళ్లు బాగుపడిన ఉదాహరణ ఒకటుంది. అట్లాంటాలో 2017లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియం హాట్‌డాగ్‌ను రెండు డాలర్లకు, నీళ్లను రెండు డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. అది ప్రొఫెషనల్ జట్టు స్టేడియమే అయినా ఎస్ఈసీ ఫైనల్ జరిగేది అక్కడే. ధరలు సగానికి తగ్గించిన మొదటి సీజన్‌లో ఒక్కో ప్రేక్షకుడు తిండి మీద పెట్టిన ఖర్చు 16 శాతం పెరిగింది. దోచుకుంటున్నారన్న భావన పోతే జనం మనస్ఫూర్తిగా కొనుక్కుంటారు. అయినా చాలా కాలేజీ స్టేడియాలు ఇంకా ఆ దారి పట్టలేదు.

మద్యం కథ దీనికన్నా చిత్రమైనది. స్టేడియంలో బీరు అమ్మితే గొడవలు పెరుగుతాయని కాలేజీలు చాలా కాలం భయపడ్డాయి. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో అప్పట్లో హాఫ్ టైమ్‌లో బయటికెళ్లి మళ్లీ లోపలికి రావచ్చు. జనం పార్కింగ్‌కు వెళ్లి, ఇరవై నిమిషాల్లో వీలైనంత తాగేసి తిరిగొచ్చేవాళ్లు. 2011లో ఆ యూనివర్సిటీ బయటికెళ్లి రావడం ఆపేసి, లోపలే బీరు అమ్మడం మొదలుపెట్టింది. పోలీసు కేసులు తగ్గాయి. 2019లో ఎస్ఈసీ కూడా నిషేధం ఎత్తేసి నిర్ణయాన్ని కాలేజీలకు వదిలింది, ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది, అంటే మూడో క్వార్టర్, అయ్యాక అమ్మకూడదన్న షరతుతో. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అలవాటు ఎలా నడుస్తోందో ప్రేక్షకులకు ముందే తెలుసు. పాలకులు దాన్ని చూడటానికి ఇష్టపడలేదు.

ఇవన్నీ స్టేడియం చేతిలో ఉన్నవి. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మాత్రం దాని చేతిలో లేదు. అది సమయం. మ్యాచ్ ఏ రోజన్నది ముందే తెలుస్తుంది, ఎన్ని గంటలకన్నది చాలాసార్లు 12 రోజుల ముందు గానీ, ఒక్కోసారి ఆరు రోజుల ముందు గానీ తెలియదు. నిర్ణయించేది టీవీ చానళ్లు. ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చే కుటుంబం హోటల్ గది ఎప్పుడు తీసుకోవాలి? రాత్రి మ్యాచ్ అయితే ఆ రాత్రి ఉండాలి. మధ్యాహ్నం 12కి అయితే ముందు రోజే రావాలి. ఫాక్స్ చానల్ 2019 నుంచి తన పెద్ద మ్యాచ్‌ను మధ్యాహ్నానికి మార్చింది. ఒహాయో స్టేట్ లాంటి జట్ల అభిమానులకు పదే పదే మధ్యాహ్నం మ్యాచ్‌లే వస్తున్నాయి. వాళ్లకు టెయిల్‌గేటింగ్ చేసుకునే పొద్దు కూడా మిగలడం లేదు.

లోపల కూర్చున్నాక ఇంకో రకం నిరీక్షణ. గడియారం లెక్కన ఆట 60 నిమిషాలు. పూర్తయ్యేసరికి మూడు గంటలు దాటిపోతుంది, మూడున్నర కూడా అవుతుంది. ప్రకటనల కోసం టీవీ వాళ్లు విరామం తీసుకుంటారు. అప్పుడు ప్రత్యేకమైన రంగు దుస్తుల్లో ఒక మనిషి మైదానంలోకి వచ్చి నిలబడతాడు. అతను పక్కకు తప్పుకునేదాకా ఆట మొదలవదు. ఇంట్లో ఉన్నవాళ్లు ఆ విరామంలో వంటింట్లోకి వెళ్లి వస్తారు. స్టాండ్‌లో ఉన్నవాళ్లు ఎండలో ఆ మనిషినే చూస్తూ కూర్చుంటారు. 2023లో నియమం మార్చి, ప్రతి ఫస్ట్ డౌన్‌కూ (జట్టు బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లిన ప్రతిసారీ) గడియారం ఆపే పద్ధతిని ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాలకే పరిమితం చేశారు. ఆట కొంచెం చురుకైంది. ప్రకటనల జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. కాలేజీలకు కోట్ల డాలర్లు వచ్చేది ఆ ప్రకటనల నుంచే. డబ్బు టీవీ ఇస్తుంది, హోరు స్టాండ్‌లోని జనం ఇస్తారు. ఆ హోరు లేకపోతే టీవీలో ఆటకు ప్రాణం ఉండదు. అలాంటప్పుడు స్టాండ్‌లోని మనిషి సమయానికి విలువ లేకపోవడం న్యాయం కాదు.

మ్యాచ్ సగంలో లేచి వెళ్లిపోవడం కూడా ఒక అభిప్రాయమే. అలబామాలో నిక్ సేబన్ కోచ్‌గా ఉండగా జట్టు ఎంత బలంగా ఉండేదంటే సగం ఆటకే ఫలితం తేలిపోయేది. విద్యార్థులు వెళ్లిపోయేవాళ్లు. 2013లో సేబన్ దీని మీద బహిరంగంగానే అసంతృప్తి చెప్పాడు. 2019లో యూనివర్సిటీ ఒక యాప్ తెచ్చింది. మ్యాచ్‌కు వస్తే 100 పాయింట్లు, నాలుగో క్వార్టర్ దాకా ఉంటే మరో 250. ఉన్నారా లేదా అన్నది ఫోన్ ఎక్కడుందో చూసి తేల్చేవాళ్లు. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకు పెద్ద మ్యాచ్‌ల టికెట్లు ముందుగా దొరికేవి. పిల్లలెందుకు వెళ్లిపోతున్నారో ఊహించడం కష్టమేమీ కాదు. అలబామా సెప్టెంబర్ ఎండ, నీడ లేని స్టాండ్, పోటీ లేని మ్యాచ్. ఈ మూడింటిలో ఒక్కదాన్నీ యాప్ మార్చలేదు. కూర్చోబెట్టడానికి సాధనం కనిపెట్టారు కానీ కూర్చోవాలనిపించే కారణం ఇవ్వలేదు.

విద్యార్థుల మాట వినకపోతే ఎంత దూరం పోతుందో మిషిగన్‌లో 2013, 2014 సంవత్సరాలు చూపించాయి. డేవ్ బ్రాండన్ అప్పుడు అక్కడ అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడా విభాగానికి అధిపతి. విద్యార్థుల సీట్లను సీనియారిటీని బట్టి కేటాయించే పద్ధతి తీసేసి, ముందొచ్చినవాళ్లకు ముందు సీటు అన్నారు. ధర కూడా పెంచి 280 డాలర్లు చేశారు. నాలుగేళ్లుగా మంచి సీటు కోసం ఎదురుచూసిన చివరి ఏడాది పిల్లలకు ఇది మింగుడుపడలేదు. విద్యార్థి సంఘం చర్చలకు దిగాక మరుసటి ఏడాది సీట్ల కేటాయింపు మళ్లీ వచ్చింది, కానీ అప్పటికే చాలామంది సీజన్ టికెట్ కొనడం మానేశారు. 2014 సెప్టెంబర్‌లో రెండు కోక్ సీసాలు కొంటే రెండు మ్యాచ్ టికెట్లు ఇస్తామన్న ఆఫర్ బయటపడింది. అప్పులు చేసి చదువుకుంటూ పూర్తి ధర కట్టిన పిల్లలకు అది చెంపదెబ్బలా తగిలింది. అదే నెల ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి తూలుతున్న ఆటగాణ్ని మళ్లీ మైదానంలో ఆడించడంతో విద్యార్థులు యూనివర్సిటీ అధ్యక్షుడి ఇంటి ముందు చేరారు. అక్టోబర్ చివర్లో, ఫిర్యాదు చేసిన అభిమానులకు బ్రాండన్ ఇచ్చిన జవాబులంటూ కొన్ని మెయిళ్లు బయటికొచ్చాయి. నచ్చకపోతే ఇంకో జట్టును చూసుకోమన్న ధోరణి వాటిలో ఉంది. అక్టోబర్ 31న ఆయన రాజీనామా చేశాడు. 2015 సీజన్‌కు విద్యార్థి టికెట్ ధర 175 డాలర్లకు దిగింది.

ఈ గొడవ మొత్తంలో ఒక సంఖ్య మాత్రం కదల్లేదు. కోవిడ్ వల్ల జనాన్ని రానివ్వని 2020 సీజన్ తప్పిస్తే, మిషిగన్‌లో 1975 నవంబర్ నుంచి ప్రతి మ్యాచ్‌కూ లక్షకు పైగా హాజరు ప్రకటిస్తూ వచ్చారు, 2014లో కూడా. ప్రకటించే సంఖ్యలో లోపలికి రాని టికెట్లు కూడా కలుస్తుంటాయి, కాబట్టి అది జనం మనసు చెప్పదు. దేశం మొత్తం మీద 2017లో గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్లు ప్రకటించిన హాజరులో సగటున 71 శాతమే. మరుసటి ఏడాది పెద్ద కాలేజీల సగటు హాజరు 41,856. 1996 తర్వాత అంత తక్కువ అదే. మిగతా 29 శాతం టికెట్ల కథ ఏమిటి? చాలామంది డబ్బు కట్టి కూడా రాలేదు. ఇంట్లో పెద్ద టీవీ ఉంది, టాయిలెట్‌కు క్యూ లేదు, నీళ్లు ఉచితం. వాళ్లెవరూ ఫిర్యాదు రాయలేదు. ఫిర్యాదు రాసేవాడు వచ్చే వారం కూడా రావాలనుకునేవాడు. మనసు విరిగినవాడు నోరు విప్పకుండా మానేస్తాడు. అందుకే తిట్లతో నిండిన మెయిల్‌ను చూసి విసుక్కోవడం తెలివితక్కువ పని. భయపడాల్సింది అలాంటి మెయిళ్లు ఆగిపోయినప్పుడు.

మ్యాచ్ అయ్యాక పంపే సర్వేల్లో లోపం కూడా ఇక్కడే ఉంది. అవి ఎక్కువగా సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు, విరాళాలిచ్చేవాళ్లకు వెళ్తాయి. వాళ్లడిగేవి వీపు ఆనించుకునే కుర్చీలు, మ్యాచ్ చూసే ప్రత్యేక గదులు, దగ్గర పార్కింగ్. అందుకే మరమ్మతులు జరిగినప్పుడల్లా ఖరీదైన సీట్లు పెరుగుతున్నాయి, మామూలు సీట్లు తగ్గుతున్నాయి. అలబామా స్టేడియం 2020లో 1,01,821 నుంచి 1,00,077కు తగ్గింది. విస్కాన్సిన్‌లోని క్యాంప్ రాండల్ 80,321 నుంచి 76,057కు వచ్చింది. సీట్లు తగ్గడం తప్పేమీ కాదు, మూరెడు జాగా కాస్త పెరిగితే మంచిదే. అయితే ఒకే మ్యాచ్‌కు వచ్చినవాళ్లు, స్నేహితుడి టికెట్ మీద వచ్చినవాళ్లు, పై వరసల్లో కూర్చున్నవాళ్లు ఏమనుకున్నారో ఎవరూ అడగరు. ఏటా వేల సంఖ్యలో అమెరికా వెళ్తున్న తెలుగు విద్యార్థులు కూడా ఈ అడగనివాళ్లలోనే ఉంటారు. టెక్సాస్‌లో, అరిజోనాలో, ఒహాయోలో చేరిన పిల్లలు మొదటి శనివారం అందరితో పాటు స్టేడియానికి వెళ్తారు. భుజాన ఉన్న కాలేజీ బ్యాగు గేటు దగ్గరే ఆగిపోతుంది. శాకాహారులకు దొరికేది పాప్‌కార్న్, ఫ్రైస్, నాచోస్. ఆట నియమాలు చెప్పేవాళ్లుండరు. రెండో మ్యాచ్‌కు వెళ్లేదీ లేనిదీ ఆ మొదటి రోజే తేలిపోతుంది.

విన్నప్పుడు ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. క్యాంప్ రాండల్‌లో 1998 నుంచి మూడో క్వార్టర్ అయ్యాక ఒక హిప్-హాప్ పాట పెడతారు, వేలమంది విద్యార్థులు ఒకేసారి ఎగురుతారు. స్టాండ్ ఊగుతుంది. 2003లో మరమ్మతులు నడుస్తుండగా, సొంత ఊళ్లో సీజన్ తొలి మ్యాచ్‌లో, కట్టడం తట్టుకోదేమోనన్న భయంతో ఆ పాట ఆపేశారు. విద్యార్థులు సంతకాలు సేకరించి నిరసన తెలిపారు. వాళ్లను యూనివర్సిటీ కసురుకోలేదు. ఇంజనీర్ల మాట తీసుకుని, కట్టడం గట్టిగానే ఉందని తేలాక పాటను తిరిగి తెచ్చింది. భయం నిజమైనదే, కోరికా నిజమైనదే. రెంటినీ పక్కపక్కన పెట్టి తేల్చారు. ఇప్పుడు వేరే రాష్ట్రాల నుంచి కూడా ఆ మూడు నిమిషాల కోసం వచ్చేవాళ్లున్నారు.

అయోవాలోని కినిక్ స్టేడియం పక్కనే పిల్లల ఆసుపత్రి కొత్త భవనం 2017లో తెరిచారు. పై అంతస్తులోని అద్దాల్లోంచి మైదానం కనిపిస్తుంది. మ్యాచ్ రోజున పిల్లలు అక్కడ చేరి చూస్తారు. ఆ సీజన్ మొదలవబోయే ముందు ఒక అభిమాని ఒక సూచన చేసింది: మొదటి క్వార్టర్ అయ్యాక అందరం అటు తిరిగి పిల్లలకు చెయ్యి ఊపితే? సర్వే లేదు, కమిటీ లేదు, ఒక్క డాలర్ ఖర్చు లేదు. సెప్టెంబర్ 2న తొలి మ్యాచ్‌లోనే స్టాండ్లన్నీ లేచి నిలబడ్డాయి. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ అవగానే దాదాపు 70 వేల మంది మైదానం వైపు నుంచి తిరిగి, తలెత్తి, ఆసుపత్రి వైపు చేతులు ఊపుతారు. ఆటగాళ్లు, రిఫరీలు, ప్రత్యర్థి జట్టు కూడా ఊపుతారు. రాత్రి మ్యాచ్ అయితే ఫోన్ లైట్లు వెలిగిస్తారు. పైన అద్దం వెనక, చేతికి సెలైన్ గొట్టంతో నిలబడిన పిల్లలు తిరిగి చెయ్యి ఊపుతారు.